పైకప్పు వినే మాట

ఒకటో నమోదు. మందుకు ముందు రోజు.

ఈ పుస్తకం నాకు డాక్టరమ్మ ఇచ్చింది. మనసు నయం కావడానికి మందు తాగేవాళ్ల పక్కన కూర్చునే మనిషిని "తోడు" అంటారట. తోడుగా ఉన్నవాడు రోజూ రాయాలి. ఏం తిన్నారు, ఎంత పడుకున్నారు, ఏం మాట్లాడారు, అన్నీ. నా పేరు గట్టు ఓదెలు. వయసు అరవై ఎనిమిది. చదివింది ఏడో తరగతి. నేను తోడు ఉండబోయేది నా ఒక్కగానొక్క బిడ్డ స్వరూపకు. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి. అది ముసలితనానికి కాదు, సంతోషానికి! రెండేళ్ల తర్వాత నా బిడ్డ మళ్లీ మనిషి కాబోతోంది.

పొద్దున సైరన్‌కు లేచి అందరిలాగే కర్రతో గది పైకప్పు తట్టి చూశాను. నాలుగు మూలలా గట్టి మోత వచ్చింది. డొల్ల మోత వస్తే గది ఖాళీ చేయాలి. అంతా మంచే జరుగుతుందని అప్పుడే అనిపించింది. పుట్టగొడుగుల సొరంగానికి పోయి గడ్డి మళ్లకు నీళ్లు చల్లి వచ్చాను. పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చి మేమంతా ఈ పాత బొగ్గు బాయిలోకి కాపురాలు దించి నలభై ఏళ్లు దాటింది. తిండి ఆ గడ్డి మళ్లదే. బతుకంతా నీళ్లు తోడుకోవడమే. కింది లెవెళ్లలో ఊరే నీళ్లను పంపులతో లాగకపోతే పై లెవెల్లోని కాపురాలు మునుగుతాయి.

రెండేళ్ల కింద ఐదో లెవెల్లో నీళ్లు పగిలి మీదికొచ్చాయి. ఆ షిఫ్టులో పదకొండు మంది ఉన్నారు. అందులో స్వరూప పెనిమిటి రాయలింగు ఒకడు. అప్పటి నుంచి వాళ్లంతా డ్యూటీలో ఉన్నారు.

డాక్టరమ్మ వేరే బాయి నుంచి కొత్తగా వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక సంగతి రాస్తాను. మా బాయిలో ఆ మాట అనం. ఏ మాటో కూడా రాయను. పైకప్పు వింటుంది. వింటే ఇంకొకరిని కోరుతుంది. వెనకట మా అయ్యలు బొగ్గు తవ్వే రోజుల్లో లోపల ఉన్నంతసేపూ నోరు కట్టుకుని, షిఫ్టు దిగి పైకి పోయాక మొత్తుకుని ఏడ్చేవాళ్లట. ఇప్పుడు పైకి పోయేది లేదు. అందుకని ఎవరూ ఎక్కడా అనరు. పీనుగ దొరకనివాళ్లను "డ్యూటీల ఉన్నడు" అంటాం. అంతే.

స్వరూప ఆ రోజు నుంచి గోడకు వీపు ఆనించి కూర్చుంది. తినిపిస్తే తింటుంది. మాట మాత్రం లేదు. ఏడవనూ లేదు.

రెండో నమోదు. మందు రోజు.

ఎక్కడ మొదలుపెట్టను! నా బిడ్డ మాట్లాడింది!

మెల్లగా రాస్తాను. మందు తాగించే ముందు డాక్టర్ నిలోఫర్ గారు నన్ను కూర్చోబెట్టి నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మెదడులో సెరటోనిన్ అనే పదార్థం ఒకటి ఉందట. మన మనసు నిలకడకు, ఆకలికి, నిద్రకు దానితో పని. లాంప్ రూములో దీపాలు తగిలించడానికి కొక్కేలు ఉన్నట్టే మెదడు కణాల మీద ఆ సెరటోనిన్‌కు కొక్కేలు ఉంటాయట. ఈ మందు పుట్టగొడుగు రసం ఒంట్లోకి పోయాక మారి, అచ్చం సెరటోనిన్ పోలికతో తయారై, ఆ కొక్కేలకే పోయి తగులుకుంటుంది.

"అంటే బామ్మర్ది పోయి బావ అంగీ తొడుక్కొని మస్టర్ల హాజరు ఏయించుకున్నట్టా మేడం?" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "సరిగ్గా అంతే ఓదెలుగారూ. కాకపోతే ఈ బామ్మర్ది బావ కంటే ఎక్కువ అల్లరి చేస్తాడు. మెదడు రోజూ నడిచే దారులన్నీ కాసేపు చెరిపేస్తాడు. ఎప్పుడూ మాట్లాడుకోని గదులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకే దుఃఖంలో గుండ్రంగా తిరుగుతున్న మనిషికి బయటికి సందు దొరుకుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు మెదడులో కొత్త చిగుళ్లు కూడా వేస్తాయి."

పాత మాత్రలు వాడుతుంటే ఈ మందు సరిగ్గా పట్టదట. అందుకే నెలన్నర నుంచి వాటిని కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు.

తోడుకు రెండే నియమాలు చెప్పింది. చెయ్యి అడిగితేనే చెయ్యి ఇవ్వాలి. ఏం అడిగినా "నేనున్నాను" అనాలి తప్ప సొంత మాటలు పెట్టకూడదు. "అప్పుడు మనసు అప్పుడే పోసిన కాంక్రీటు లాంటిది. దాని మీద పిల్లి నడిచినా అడుగులు మిగిలిపోతాయి" అంది.

స్వరూప గిన్నెడు రసం తాగి, కళ్లకు గంత కట్టుకుని పడుకుంది. అరగంటకు కాలి వేళ్లు కదిలాయి. గంటకు పెదవులు కదిలాయి. పక్క గదిలో ఇంకెవరికో వాంతి అయితే డాక్టరమ్మ లేచి పోయింది. అప్పుడు వినిపించింది.

"నాయినా."

ముందుకు వంగాను. "నేనున్న బిడ్డా."

"ఎంత ఎలుగున్నది నాయినా! రాళ్లు ఊపిరి తీస్తున్నయ్. అన్నీ పానంతోనే ఉన్నయ్."

"నేనున్న."

"రాయలింగు ఏడి?"

"డ్యూటీల ఉన్నడు బిడ్డా" అన్నాను.

ఆ ముఖం ఎట్లా విచ్చుకుందో నేను రాయలేను! "డ్యూటీల ఉన్నడా? ఔ గదా. డ్యూటీలనే ఉన్నడు గదా" అని మెల్లగా మళ్లీ మళ్లీ అనుకుంది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. తర్వాత నవ్వింది. ఐదు గంటలు అట్లాగే నవ్వు ముఖంతో పడుకుంది. నేను సంతోషంతో నోట్లో తువ్వాల కుక్కుకుని ఏడ్చాను.

మూడో నమోదు. మందు తర్వాత రెండో రోజు.

సైరన్‌కు నేను లేచేసరికి స్వరూప ముందే లేచి కర్రతో పైకప్పు తడుతోంది! "గట్టిగనే ఉన్నది నాయినా, నువ్వు ఇంకింత సేపు పండు" అంది. నేనెట్లా పడుకుంటాను! లేచి కూర్చుని చూస్తూనే ఉన్నాను. గది ఊడ్చింది. తల దువ్వుకుంది. పుట్టగొడుగులు మిరపపొడి వేసి వేయించింది. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

మా గదికీ పక్క గదికీ మధ్య ఒక్క రేకే అడ్డం. అవతల బానక్క ఉంటుంది. ఆమె కొడుకు సదయ్య కూడా ఆ పదకొండు మందిలోనే డ్యూటీలో ఉన్నాడు. రేకు పక్కకు జరిపి లోపలికి తొంగి చూసింది.

"ఓదెలన్నా, బిడ్డ లేసింది సరే గని, నువ్వు ఎగురుడు జర తగ్గియ్యి. కప్పుకు తల గొట్టుకొని నువ్వు మంచాన పడ్తే నీకు నేను తోడు గూసోవాలె."

"కూసో బానక్కా! గా మందేదో నేను గూడ తాగుత."

"నీకు మందెందుకే, తాగకుంటనే గిట్లున్నవ్!"

స్వరూప వంగి వంగి నవ్వింది. తిండి: బాగా. నిద్ర: ఏడు గంటలు. మాటలు: లెక్క లేదు. డాక్టరమ్మా, మీ చేతులు చల్లగుండాలి.

నాలుగో నమోదు. ఆరో రోజు.

రోజూ షిఫ్టు మారే సైరన్‌కు స్వరూప నడవడానికి పోతోంది. లాంప్ రూము దాకా పోయి వస్తానంటుంది. పని దిగినవాళ్లు టోపీ దీపాలు అప్పజెప్పే చోటు అది. నలుగురు మనుషులు కనిపిస్తారు, మంచిదే అనుకున్నాను. ఒళ్లు కూడా గట్టిపడుతుంది.

ఈ రోజు టిఫిన్ డబ్బా కూడా పట్టుకుని పోయింది. అక్కడ కూర్చుని తింటుందేమో. లాంప్ రూములో పనిచేసే రాజేశం దారిలో కలిసి, "నీ బిడ్డ మస్తు మాట్లాడుతుందే కాకా, అల్లుని గురించి గూడ అడిగింది" అన్నాడు.

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? డ్యూటీల ఉన్నడు సెల్లె అన్న."

అది విని కూడా నాకేమీ తట్టలేదు. రెండేళ్లు ఆ పేరు ఎత్తనిది ఇప్పుడు ఎత్తుతోంది కదా అని సంబరపడ్డాను. ఇంటికి వచ్చి ఆమె కట్టిన జడ చూసి మురిసిపోయాను. పెళ్లినాటి జడ.

ఐదో నమోదు. తొమ్మిదో రోజు.

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

తిండి తింటూ స్వరూప అడిగింది: "నాయినా, ఈ వారం ఆయనది ఏ షిఫ్టు?"

"ఎవరిది?"

"ఎవరిదేంది! మీ అల్లునిది. నేను పొద్దటి షిఫ్టుకు పోయి చూసిన, దిగలే. రెండో షిఫ్టుకు పోయిన, దిగలే. డబ్బా మల్ల మల్ల తిప్పుకొని వస్తున్న. ఓవర్‌టైం ఎక్కువ ఏస్తుండ్రా ఏంది? నువ్వన్న షిఫ్టు సర్దార్‌కు చెప్పరాదు?"

తినడం ఆపి ఆమె వైపు చూశాను. ఆమె ముఖంలో ఎగతాళి లేదు, పిచ్చి లేదు. ఇంటాయన రావడం ఆలస్యమైతే ఆడమనిషి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. కొంచెం కోపం, కొంచెం సిగ్గు.

"బిడ్డా, నీకెవరు చెప్పిండ్రు ఆయన డ్యూటీల ఉన్నడని?"

"నువ్వే చెప్పినవ్ గదా. అందరు అదే చెప్తుండ్రు."

అందరూ అదే చెబుతున్నారు. లాంప్ రూములో రాజేశం, నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు, బడి పిల్లలు. ఎవరిని అడిగినా అదే మాట. నలభై ఏళ్ల నుంచి మాకు ఇంకో మాట లేదు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. నా బిడ్డకూ తెలుసు, మందు తాగేదాకా. మందులో ఉన్నప్పుడు నేను అన్న మాటను ఆమె ఉన్నది ఉన్నట్టు పట్టుకుంది.

తడి కాంక్రీటు మీద నడిచిన పిల్లిని నేనే.

ఆరో నమోదు. పదో రోజు.

డాక్టరమ్మ ఈ పుస్తకం అంతా చదివింది. రెండో నమోదు దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"తప్పు నాది కూడా. మీ ఊరి మాట నాకు తెలిసి ఉండాల్సింది" అంది.

"మల్ల ఒక గిన్నె తాగిద్దాం మేడం, ఈ రోజే. నేను మాట మార్చి చెప్తా."

"ఈ రోజు తాగించినా పట్టదు. ఒకసారి మందు పడగానే మెదడు ఆ కొక్కేలను లోపలికి లాక్కుంటుంది. మళ్లీ బయటికి రావాలంటే రెండు వారాలు పడుతుంది. కానీ ఎక్కువ ఆగనూ కూడదు. కొత్త చిగుళ్లు గట్టిపడే లోపలే చెప్పాలి. పదహారో రోజు పెట్టుకుందాం."

"మీరే చెప్పండి మేడం. చదువుకున్నవాళ్లు. మంచిగ చెప్తారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆమె పట్టుకున్నది మీ గొంతును. నేను చెబితే వేరే మనిషి ఏదో అన్నట్టే ఉంటుంది. మీరే చెప్పాలి. మెత్తటి మాటలు వద్దు. 'లేడు', 'వెళ్లిపోయాడు', 'దేవుడి దగ్గర ఉన్నాడు', ఇవేవీ వద్దు. వాటిని కూడా అట్లాగే పట్టుకుంటుంది. అసలు మాటే చెప్పాలి."

"లోపలనా?"

"లోపలే."

నేను పైకి చూశాను. ఆ గదిలో పైకప్పు చాలా కిందికి ఉంటుంది. చెయ్యెత్తితే తగులుతుంది.

ఏడో నమోదు. పన్నెండో రోజు.

ఒక్క సంగతి ఇంతవరకు ఈ పుస్తకంలో రాయలేదు. ఊళ్లో అందరికీ తెలుసు, అందుకే రాయలేదనుకోండి. కాదు. రాయబుద్ధి కాలేదు.

ఐదో లెవెల్ దారికి ఇనుప తలుపు ఒకటి ఉంది. నీళ్ల తలుపు అంటాం. రెండేళ్ల కింద దాని చక్రం దగ్గర కాపలా డ్యూటీ నాది. నీళ్లు పగిలిన సైరన్ మోగితే తిరిగి చూడకుండా మూయాలి. అది నియమం. మూయకపోతే నాలుగో లెవెల్లో ఉన్న కాపురాలు, పిల్లల బడి, అన్నీ పోతాయి. సైరన్ మోగింది. నేను మూశాను. అవతల నా అల్లుడు ఉన్నాడు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనాలంటే ముందు ఆ మాట అనాలి కదా. "ఓదెలు డ్యూటీ చేసిండు, రాయలింగు డ్యూటీల ఉన్నడు" అన్నారు, అయిపోయింది. స్వరూప కూడా ఏమీ అనలేదు. రెండేళ్లు ఒకే గదిలో నా చేత్తో తినిపించాను. ఆమె నా కళ్లలోకి చూడలేదు.

ఇప్పుడు చూస్తోంది. నాయినా అని పిలుస్తోంది. నిన్న నా తలకు నూనె రాసింది, "మీ అల్లుడొస్తే ఇద్దరు కూసోని తినుండ్రి" అని కబుర్లు చెబుతూ. పదహారో రోజున నేను ఆ మాట చెబితే ఆమెకు మొత్తం గుర్తొస్తుంది. చక్రం తిప్పిన చేతులు కూడా గుర్తొస్తాయి. ఆ తర్వాత నాయినా అంటుందా?

ఇట్లాగే ఉంచితే ఏమవుతుంది అని ఆలోచించాను. అబద్ధం ఎందుకు రాయను, గట్టిగానే ఆలోచించాను. తింటోంది. నవ్వుతోంది. ఎదురుచూసేవాళ్లు లోకంలో ఎంతమంది లేరు! నేను బతికి ఉన్నన్నాళ్లు "ఓవర్‌టైం బిడ్డా" అంటూ ఉంటే చాలు.

తిండి: బాగా. నిద్ర: తక్కువ. నాది.

ఎనిమిదో నమోదు. పద్నాలుగో రోజు.

మధ్యాహ్నం షిఫ్టు వేళకు స్వరూప పరుగెత్తుకుంటూ వచ్చింది. చెమటలు, రొప్పు, ముఖమంతా వెలుగు.

"నాయినా, దొరికిండు! తలుపవతలనే ఉన్నడు! నేను పోయి కొట్టిన, ఆయన మల్ల కొట్టిండు!"

"యాడికి పోయినవే?"

"నీళ్ల తలుపు కాడికి. లోపట్నుంచి చప్పుడొస్తుంది. రా, చక్రం తిప్పుదాం. నాతోని కాలే."

నేను, బానక్క ఇద్దరం ఆమె వెనకే ఉరికాం. టిఫిన్ డబ్బా తలుపు ముందు నేల మీద ఉంది. చక్రానికి గొలుసు, తాళం వేసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. గొలుసు గుంజి గుంజి ఆమె అరచేతులు చీరుకుపోయాయి. స్వరూప తలుపుకు చెవి ఆనించి, నన్ను కూడా ఆనించమంది. ఆనించాను. అవతల నిండుగా నీళ్లు. పంపు ఆగినప్పుడల్లా పాత పైపులు టంగు టంగుమంటాయి. రెండేళ్ల నుంచి నేను ఆ తలుపు దరిదాపులకు పోలేదు.

"ఇన్నవా? ఆయనే!" అంది సంతోషంగా.

బానక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

సాయంత్రం బాయి పెద్దలు నలుగురు వచ్చారు. మర్యాదగానే చెప్పారు. తలుపు జోలికి ఇంకోసారి పోతే స్వరూపను తాళం గదిలో పెట్టాల్సి వస్తుందని. వాళ్ల తప్పేముంది, అది ఊరి ప్రాణం. వాళ్లు పోయాక నా బిడ్డ అరచేతులకు పసుపు పెడుతుంటే ఆమె అడిగింది: "నువ్వు తాళం తీయించవా నాయినా? ఆయన ఎన్ని రోజులని కొడ్తుంటడు?"

అప్పుడే నిశ్చయించుకున్నాను. ఎదురుచూడటం ఊరికే కూర్చుని ఉండటం అనుకున్నాను నేను. కాదు. నా బిడ్డ ఆ తలుపు దగ్గర, రోజూ, ఆ చప్పుడు వింటూ ఉంటుంది. నేను విన్న చప్పుడు. అది ఆమెకు వద్దు.

తొమ్మిదో నమోదు. పదహారో రోజు.

ఉదయం బానక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అనకే ఓదెలన్నా. కప్పు ఇంటది. ఊరి మీదికి తేకు."

"వింటే విననియ్యి. అడిగితే నన్నే తీస్కపొమ్మను."

స్వరూప రసం తాగి గంత కట్టుకుంది. ఈసారి డాక్టరమ్మ కదలకుండా నా పక్కనే కూర్చుంది. గంటన్నర గడిచింది. స్వరూప ఒక పాట కూనిరాగం తీసింది, ఆపింది.

"నాయినా."

"నేనున్న బిడ్డా."

"రాయలింగు ఏడి?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. బాయిలోకి దిగిన ఈ నలభై ఏళ్లలో ఆ మాట నోటితో ఎన్నడూ అనలేదు. నాలుక తిరుగుతుందో లేదో కూడా తెలియదు.

"రాయలింగు సచ్చిపోయిండు బిడ్డా."

"డ్యూటీల..."

"కాదు. డ్యూటీల లేడు. సచ్చిపోయిండు. ఐదో లెవెల్ల, నీళ్లల్ల సచ్చిపోయిండు. రెండేండ్లయింది. నీళ్ల తలుపు నేనే మూసిన. ఈ చేతులతోనే మూసిన."

ఆమె గంత తీసెయ్యలేదు. పడుకున్న చోటే, పైకి ముఖం పెట్టి అడిగింది.

"కొట్టిండా?"

"ఏంది బిడ్డా?"

"తలుపు. లోపట్నుంచి. కొట్టిండా?"

లేదు అని చెప్పాలనిపించింది. ఒక్క మాట. పట్టుకునేది. జీవితమంతా ఆమెకు మెత్తగా ఉండేది. నా నోరు తెరుచుకుంది కూడా.

"కొట్టిండు."

"ఎంతసేపు?"

"అర్ధగంట. మూడు మూడు కొట్టిండు."

బాయిలో మూడు దెబ్బలంటే మనుషులను పైకి లాగమని. ఆ సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు.

ముందు గంత తడిసింది. తర్వాత ఒక చప్పుడు వచ్చింది, మనిషి గొంతు అనిపించలేదు. డాక్టరమ్మ కూడా ఉలిక్కిపడింది. తర్వాత అది ఏడుపైంది. మా బాయిలో నేను ఎన్నడూ వినని ఏడుపు! నోరు తెరిచి, గుండెలు బాదుకుని, "సచ్చిపోయినవా, నా రాయలింగూ, సచ్చిపోయినవా" అని పేరు పెట్టి, మాట పెట్టి ఏడ్చింది. గొంతు ఆ సొరంగమంతా పోయింది. రేకుల అవతల మనుషులు లేచి నిలబడిన చప్పుడు. ఎవరూ ఊరుకోమనలేదు. చెయ్యి ఇద్దామని చాపాను. ఆమె అడగలేదు. వెనక్కి తీసుకున్నాను.

పైకప్పు నుంచి ఒక్క పెళ్ల కూడా రాలలేదు.

పదో నమోదు. ముప్పయ్యో రోజు.

డాక్టరమ్మ ఇక చాలన్నది, ఇదే ఆఖరు పేజీ.

స్వరూప ఇప్పుడు నాతో ఉండటం లేదు. మందు తర్వాతి రోజే తన దుప్పటి, దువ్వెన తీసుకుని రేకు అవతలికి, బానక్క గదికి పోయింది. నాతో మాట్లాడలేదు. కోపంగా కాదు. నా వైపు చూసింది, చేతుల వైపు చూసింది, చూపు తిప్పుకుంది. లాంప్ రూముకు పోవడం లేదు. తలుపు దగ్గరికి పోవడం లేదు. తింటోంది, పడుకుంటోంది, పొద్దున ఒకసారి ఏడుస్తోంది. వచ్చే వారం నుంచి పంపుల దగ్గర పనికి పేరు రాయించుకుంది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నింటికీ సరిగ్గా జవాబు చెప్పిందట, నీ భర్త ఏమయ్యాడు అన్నదానికి కూడా.

మూడో గిన్నె ఒకటి మిగిలి ఉంది. గట్టిపడటానికి అది కూడా తాగించడం పద్ధతి. మొన్న కుళాయి దగ్గర బానక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఓదెలన్నా, ఇంకొక మందున్నది గదా. నువ్వే పక్కకు కూసో. నాయిన తప్పు లేదు, నాయిన మీద కోపం లేదు అని ఒక్క మాట ఎయ్యి. పట్టుకుంటది. పస్ట్ మాట పట్టుకోలేదా?"

"గట్ల పట్టుకుంటదంటవా?"

"ఎందుకు పట్టుకోదే! మల్ల నాయినా అనుకుంట నీ ఇంట్ల తిరుగుతది."

రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. చెబితే ఆమె నమ్ముతుంది. మళ్లీ నా తలకు నూనె రాస్తుంది. అది నా బిడ్డ రాసినట్టా, నా మాట రాసినట్టా? ఆమె కోపం ఆమెది. రెండేళ్లు దాన్ని కూడా నేను ఆమెకు లేకుండా చేశాను.

ఈ రోజు డాక్టరమ్మ కాగితం ఇస్తే, మూడో మందుకు తోడు పేరు దగ్గర బానక్క పేరు రాశాను. కారణం అనే చోట "నా నోరు మంచిది కాదు" అని రాశాను. డాక్టరమ్మ అది కొట్టేయమంది. కొట్టేయలేదు. బానక్కకు రాయడం రాదు, చెబితే రాసిపెట్టే మనిషి ఒకరు కావాలి.

ఇది రాస్తుండగా రేకు అవతల గొడవ మొదలైంది.

"నీళ్లకు నిన్న నువ్వే పోయినవ్, ఈయాల నా వంతు!" అని స్వరూప.

"చేతుల పుండ్లు మానినయా నీకు? పెద్ద మొగోనివి మోయనీకి!"

"మానినయ్! బిందె ఇడువు అవ్వా!"

"ఇడువ! ఏం జేస్తవ్?"

బిందె కింద పడి దొర్లింది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే నవ్వారు, నవ్వుతూనే ఒకరు ఏడ్చారు. ఎవరో తెలియలేదు. బానక్క కావచ్చు. "సదయ్య గూడ గట్లనే బిందె గుంజుకునేటోడు" అంది. తర్వాత మెల్లగా, పైకప్పుకు వినపడినా సరే అన్నట్టు, ఆ మాట అంది. తన కొడుకు పేరు పెట్టి అంది. స్వరూప "ఔ అవ్వా" అంది.

నేను రేకుకు ఇవతల, కలం పట్టుకుని కూర్చున్నాను. నా బిడ్డ గొంతు ఎంత గట్టిగా ఉంది! పోట్లాడుతోంది, నవ్వుతోంది, ఇంకొకరిని ఓదారుస్తోంది. ఇంత సంతోషం నా జన్మలో లేదు డాక్టరమ్మా. పోయి ఆమెకే చెప్పాలని ఉంది. రేకు జరపడానికి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఆమె పిలవలేదు.